కొమురయ్య నిలబడిన తీరు

రుద్రూర్ దగ్గరి పల్లెలో పుట్టిన కొమురయ్యకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలిసిన పని ఒక్కటే, చెరుకు కొట్టడం. 1961లో బోధన్ దిక్కు ఒక చక్కెర కార్ఖానాకు చెరుకు కొట్టే సీజన్ కూలీగా ఉండేవాడు. గానుగ ఆడినన్నాళ్లు పని, ఆగిందంటే ఇంటికి. కార్ఖానా అఫ్సర్లకు ఊరి బయట చిన్న గోల్ఫ్ మైదానం ఉండేది. పచ్చిక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. అక్కడ గడ్డి కోయడానికి అప్పుడప్పుడు కొమురయ్యను పిలిచేవారు.

ఆ ఏడు సీజన్ చివర మైదానానికి పర్మనెంట్ మాలీని పెట్టుకోవాలనుకున్నారు. క్లబ్బు బాధ్యతలు చూసే అఫ్సరు రాజారాం కొమురయ్యను పిలిపించాడు.

"మాలీ అంటే గడ్డి కోసుడే కాదు కొమురయ్యా. జత దొరకని నాడు మాతోని ఆడాలె. వచ్చే ఆదివారం ఐదు బంతులిస్త. మూడు కాలువ దాటిస్తే నౌకరీ నీది. లేకుంటే బయటి మనిషిని తెచ్చుకుంటం."

మైదానం అంచున పారే ఆ కాలువ ఎనభై గజాల దూరం. కొమురయ్య భుజాలకు అదొక దూరం కాదు. అయినా మూడు రోజులు కొడితే ఒక్క బంతీ దాటలేదు. గోల్ఫ్ కర్ర బంతికి జానెడు ఇవతలే మట్టిని తవ్వేది. "గట్టిగ కొట్టు" అన్నాడు రాజారాం. గట్టిగా కొడితే ఇంకా పెద్ద పెళ్ల లేచింది.

ఇక్కడ చెరుకు సంగతి కొంత చెప్పాలి. గడలో తీపి మొదలు దగ్గర ఉంటుంది, కొస చప్పన. అందుకని నేలకు ఆనించి నరకాలి. నాలుగు వేళ్ల మోడు మిగిలినా మేస్త్రి తిడతాడు. మరాఠీ కోత ముఠాలనూ చూశాను, తెలుగు ముఠాలనూ చూశాను, నడుం వంచేది ఒక్క తీరే. ఎడమ చెయ్యి ముందుకు చాచి గడ పట్టుకుంటారు, ఒళ్లంతా వెనక కాలి మీద వేస్తారు, కత్తిని నేల దాకా దించుతారు. విలువిద్య రాసిన మన పాతవాళ్లు ఆలీఢమనీ ప్రత్యాలీఢమనీ కాళ్లు పెట్టే పద్ధతులకే పేజీలు ఖర్చు చేశారు. చదివినప్పుడు చాదస్తమనుకున్నాను.

గురువారం సద్ది తెచ్చిన భార్య గంగమణి గట్టు మీద కూర్చుని చూసింది. ఆమె కూడా కోత ముఠా మనిషే.

"గట్ల నిలవడ్డవేందయ్యా, చెరుకు కొట్టేటట్టు?"

"మరెట్ల నిలవడాలె?"

"నీ ఒళ్లు గడ కోసం పోతుంది. ఆడ గడేది?"

"నీకేమెరుక గీ ఆట."

"ఆట ఎరుకలేదు. నువ్వెరుక."

కొమురయ్య కాళ్ల వైపు చూసుకున్నాడు. బంతి ఎడమ పాదం దాటి ఉంది. బరువంతా కుడి మడమ మీద. కర్రను కత్తి పిడిలా బిగబట్టాడు. గంగమణి రెండు గడలు తెచ్చి, ఒకటి అతని కాలివేళ్ల ముందు కాలువ దిక్కుగా పరిచింది. రెండోది దానికి అడ్డంగా, పాదాల నడుమ నుంచి బంతి దాకా. కొమురయ్య భుజాలంత వెడల్పున కాళ్లు పెట్టాడు. మోకాళ్లు సడలించి, చేతులు వేలాడనిచ్చి, బరువు రెండు పాదాలకూ సమంగా పంచాడు. కొట్టబోతున్నట్టు కాక బస్సు కోసం నిలబడ్డట్టు ఉందన్నాడు. బంతి మాత్రం మట్టి లేవకుండా ఎగిరింది.

ఆదివారం కూడా గడలు పరుచుకుంటుంటే అఫ్సర్లు నవ్వారు.

"ఇది ఆటనా, చెరుకు నాటుడా?"

"రెండూ వరుసల్నే ఉండాలె సార్."

మొదటి బంతికి పాత అలవాటు తన్నుకొచ్చి మట్టి లేచింది. రెండోది, మూడోది దాటాయి. నాలుగోది నీళ్లలో పడింది. ఐదోదానికి ఎంతసేపటికీ కర్ర ఎత్తలేదు.

"నిద్రవోయినవా కొమురయ్యా?" అన్నాడు రాజారాం.

"కాళ్లు సూసుకుంటున్న సార్."

తర్వాత కొట్టాడు. బంతి కాలువ అవతల తుమ్మల్లో పడింది.

"రేపటి నుంచి రా."

"రేపు కాదు సార్. ముఠాల సగం మడి మిగిలింది. కొట్టి ఎల్లుండొస్త."

మంగళవారం వచ్చాడు. పద్నాలుగేళ్లు అక్కడే పనిచేశాడు.