ముందుగా లేవకూడదు

మా చెల్లెలు ఆదివారం పొద్దున, చర్చి గంట కొట్టకముందే పోయింది. మీలో చాలామందికి ఆమె డాక్టరమ్మ. సమాధి దగ్గర నన్ను, ఇంటికి పెద్దదాన్నని, నాలుగు మాటలు చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

నాకు పదేపదే గుర్తొచ్చేది ఒక మామూలు ఉదయం. వానలు తగ్గిన రోజులు. మంచం దిగలేని నాన్నకు గంజి తాగించి వచ్చాను. చెల్లెలు తన గంజి సగం వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఇద్దరం ఒక కీర్తన చదువుకున్నాం.

"ఈ పొద్దు నువ్వు కూడా ఓపీకి రా అక్కా."

"నాకేం జబ్బు మే?"

"నీకేం లేదులే. క్యారియరు మొయ్యను మనిషి కావాల."

ఆసుపత్రి వరండాలో అప్పటికే జనం. మిక్స్చరు మందు పోయించుకోవడానికి ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుని, కాగితం చుట్టి బిరడా పెట్టి, ఒళ్లో పట్టుకుని కూర్చున్నారు. లోపల చెల్లెలి బల్ల చుట్టూ డాక్టరు పరీక్ష ప్యాసై పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు. రోగిని చూసేది వాళ్లు. ఆమె వెనకగా కూర్చుని వినేది.

రోగి ముందు ఇంగ్లీషు కూడదన్నది ఆమె కట్టడి. ఏ జబ్బయినా ఆ పిల్లలు తమ అమ్మకయినా అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ పూట ఒక పిల్లవాడు మరిచిపోయి పక్కవాడితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఎదురుగా కూర్చున్న చేపలమ్మే ముసలామె ఊరుకోలేదు.

"ఏంది నాయనా, నేను చచ్చిపోయినట్టు మీలో మీరు చెప్పుకుంటుండారా?"

అందరికంటే ముందు నవ్వింది చెల్లెలే. "అడగవ్వా, గట్టిగా అడుగు" అంది.

రెండో కట్టడి కూడా ఆ పూటే చూశాను. ఒక రైతుకు అతని భార్యకు రెండు ఊపిరితిత్తులూ చెడినాయని చెప్పి, ఒక పిల్లవాడు తర్వాతి చీటీ అందుకోబోయాడు. చెల్లెలు ఆ చీటీ మీద చెయ్యి పెట్టింది. "చెడ్డమాట చెప్పినాక నువ్వు ముందుగా లేవకూడదు. ఇంకొకరిని పిలవకూడదు. వాళ్లు లేచేదాకా కూర్చోవాల, అంతే" అంది. రైతు లేచేదాకా వరండా అంతా ఆగింది.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. అప్పుడు చెల్లెలు బల్ల ఇవతలికి వచ్చి రోగి స్టూలు మీద కూర్చుంది. తోడు వచ్చినవాళ్ల బెంచీ చూపించి నన్ను కూర్చోమంది. క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లల్లో ఒక సన్నపాటి అమ్మాయిని పిలిచి, "నన్ను చూసి, ఏముందో చెప్పు" అంది.

ఇద్దరూ తెర వెనక్కి వెళ్లారు. చాలాసేపటికి వచ్చారు. ఆ అమ్మాయి కూర్చుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"నాకు కాదు తల్లీ. నాకు తెలిసిందే. బెంచీ మీద మా అక్క ఉండాది. ఆమెకు చెప్పు."

అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా... మీ చెల్లెలికి కడుపులో గడ్డ ఉంది. చెడ్డ గడ్డ."

"కోసి తీసేస్తే?"

"లోపలంతా పాకిందమ్మా. కోసినా లాభం లేదు."

"మందు?"

"నొప్పికి ఉంది."

అమ్మాయి లేవబోయింది. చెల్లెలు ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. అమ్మాయి మళ్లీ కూర్చుంది.

అట్లాగే కూర్చున్నాం. బయట కాంపౌండరు సీసాలు నింపుతున్న చప్పుడు వినబడుతోంది. ప్రభువా అన్నాను. ఆ తర్వాతి మాట ఇప్పటిదాకా రాలేదు. నేను లేచినాకే ఆ అమ్మాయి లేచింది. దానికి ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ఇంటికి నడుస్తూ, "నువ్వే చెప్పుండొచ్చు గదా" అన్నాను.

"చెప్పుండొచ్చు. మరి ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుంటుంది?"

ఆ తర్వాత కాళ్లు ఆడినన్నాళ్లూ ఆమె ఓపీకి వెళ్లింది. నేను తోడు వెళ్లాను. రోజూ ప్రార్థించాం. గడ్డ పెరిగింది.

ఓపీలో ఆ మాట విన్న రోజు సాయంత్రమే కబురందుకుని బోగోలు నుంచి తమ్ముడు వచ్చాడు. వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం.

"మద్రాసు పోదాం" అన్నాడు తమ్ముడు.

"మద్రాసులో కూడా ఇదే చెప్తారబ్బయ్యా. ఇంగ్లీషులో చెప్తారు."

వాడు నవ్వబోయి ఏడ్చాడు. మద్రాసు వద్దనుకున్నాం. ఇక నాన్న సంగతి. కడుపులో పుండని చెప్దామన్నాడు తమ్ముడు, ముసలాయన తట్టుకోలేడని. చెల్లెలు నా వైపు చూసింది.

"ఉన్నదే చెప్తా" అన్నాను. "ఆయన దగ్గరే కూర్చుంటా."

"నాన్న మంచం మీంచి లేవలేడు గదక్కా. మరి నువ్వెప్పుడు లేస్తావు?" అంది చెల్లెలు.

నాన్న వసారాలో సరుగుడు తోపు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. పొద్దు గుంకుతోంది. వాళ్లిద్దరూ లోపలే ఉండాలని, నేను పీట తీసుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చోవాలని, నేను పిలిచేదాకా ఎవరూ వసారాలోకి దీపం తేవద్దని అనుకున్నాం.