ఉడుము తవ్వే గుహ

వారమంతా బస్సులో టిక్కెట్లు కొట్టే ఆ కండక్టరు ఆదివారం తెల్లారేసరికి గుహలో బోర్లా పడుకుని ఉంటాడు. పట్టుకుంటే వదలడు కనుక, ఆదివారాలు తనతో కలిసి తవ్వే మిత్రులు అతన్ని ఉడుమంటారు. ఎప్పటిదో వరదమట్టి పూడ్చేసిన దారి వెనక మరో గుహ ఉందని అతని నమ్మకం. మోచేతులు గీరుకుపోయినా, చెవుల్లో మట్టి చేరినా తవ్వుతూనే ఉంటాడు. అతను నింపిన బకెట్లను వెనకున్నవాళ్లు చేతులు మార్చుకుంటూ బయట పారబోస్తారు. ఇంటికెళ్తే భార్య, "కొండ తవ్వారు సరే, ఎలుకైనా దొరికిందా?" అంటుంది. "అదీ మాతోపాటే తవ్వుతోందిలే" అని స్నానానికి పోతాడు.

ఈ ఆదివారం కూడా ఏమీ కనబడకపోతే పని మానేద్దామని అందరూ తేల్చారు. అందరికంటే గట్టిగా అన్నది ఆ మిత్రుల్లో ఒకడైన కాంపౌండరు. మధ్యాహ్నం ఉడుము ఒక రాయిని పెకలించాడు. దాని వెనక పిడికిలి పట్టేంత సందు కనిపించింది. చెమట పట్టిన చెంపను దానికి ఆనించాడు. తర్వాత పక్కకు ఒరిగి కాంపౌండరును పిలిచాడు.

"బావా, నీ చెంప పెట్టి చూడు."

"ఎందుకు, లోపలున్నవాడు కొడతాడా?" అంటూనే కాంపౌండరు పాకి వచ్చి ముఖం ఆనించాడు. చల్లటి గాలి తగిలింది. ఆగకుండా వస్తోంది. గాలి వస్తోందంటే అవతల చోటున్నట్టే. అతను వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"ఖాళీ బకెట్లు పంపండిరా! అప్పుడే సామాన్లు సర్దేస్తున్నదెవడు?"