నిండుకున్న చేటలు

మొన్న దమ్మపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాల దగ్గర పెళ్లికూతురికి అక్క వరస అమ్మాయి ఒకతె వచ్చి, తాను ఆన్‌లైన్‌లో దుకాణం పెట్టాలనుకుంటున్నాననీ, సరుకు తన దగ్గర పెట్టుకోకుండా వేరే వాళ్ల సరుకే అమ్ముతాననీ, దానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మంచిదో చెప్పమనీ అడిగింది. అడిగింది నన్ను కాదు, నా పక్కన కూర్చున్న నా తోటికోడలిని. ఆమె తినడం కూడా ఆపేసి ఆ పిల్లకు అన్నీ విడమరిచి చెబుతుంటే నేను విస్తట్లో పప్పు కలుపుకుంటూ కూర్చున్నాను. కుళ్లుకున్నానని రాయడానికి నాకేమీ సిగ్గు లేదు, ఇది చదివేది నా ఈడు వాళ్లే, తోటికోడళ్లు ఉన్నవాళ్లే. మేమిద్దరం నడిపే అలాంటి దుకాణం ఆలోచన మొదట నాది, నాలుగు రకాల సాఫ్ట్‌వేర్లు ఏరి చూసిందీ నేనే.

అప్పుడూ ఇప్పుడూ మా రెండిళ్లూ ఎదురెదురే, అప్పట్లో మణుగూరు దగ్గర గని క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయనా, మరిదీ ఇద్దరూ బొగ్గుబావిలోనే పనిచేసేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఖమ్మం నుంచి చీరలు తెచ్చి క్వార్టర్లలో అమ్మడం మొదలుపెట్టాను. ఏ ఇంటాయన ఏ షిఫ్టులో ఉన్నాడో కనుక్కుని మరీ వెళ్లేదాన్ని, ఎందుకంటే మగమనిషి రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఇంట్లో మూట విప్పితే గుసగుసల్లో బేరం తెగదు, గొంతు పెంచితే ఆయన లేచి కూర్చుంటాడు. అమ్మకం అంటే ఏమిటో అలా నేర్చుకున్నదాన్ని నేను. తోటికోడలు సత్తుపల్లి వైపు పిల్ల, డిగ్రీ చదివింది, మాట మెత్తన. మేమంతా ఏంది, గట్లనా అని మాట్లాడుకునే ఇంట్లో ఆమె అలాగే అత్తయ్యా, సరే అక్కా అంటుంటే మా అత్తమ్మ కరిగిపోయేది. నా కడుపుమంట అప్పుడే మొదలైందనుకోండి.

ఫోన్లలో ఇంటర్నెట్ చవకైన రోజుల్లో, ఊళ్లో ఎవరి చేతిలో చూసినా పార్సిల్ డబ్బా కనబడుతుండగా, మనమెందుకు అమ్మకూడదని నాకు తోచింది. అమ్మడానికి సరుకు ఏదంటే మా పుట్టింటి పెద్దమ్మ గుర్తొచ్చింది. పెద్దమ్మ అంటే చుట్టం కాదు. పినపాక దాటాక అడవి అంచున ఉన్న మా పుట్టిన ఊళ్లో వెదురు చేటలు, బుట్టలు, పెళ్లి గంపలు అల్లే ఆవిడ, చిన్నప్పటి నుంచీ నాకు పెద్దమ్మే. నా పెళ్లికి చేటలు ఆవిడే అల్లింది. చుట్టుపక్కల అల్లేవాళ్లందరూ ఆవిడ మాట వింటారు. ఆవిడ నా మనిషిగా ఉన్నంతకాలం ఆ దుకాణం నాది, ఆవిడ నా చెయ్యి వదిలేస్తే నాకిక అందులో మిగిలేది ఏమీ లేదని నాకు మొదటి రోజు నుంచే తెలుసు.

మాకు గోదాము లేదు, పెట్టుబడి లేదు. ఫొటోలు మా దుకాణంలో, సరుకు పెద్దమ్మ ఇంట్లో. ఎవరైనా కొంటే ఆవిడ అక్కడే కట్టి బస్సుకు వేస్తుంది. అలాంటి అమ్మకానికి సాఫ్ట్‌వేర్ ఉండాలన్నారు. నేను ఖమ్మం బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ షాపులో ఎన్నోసార్లు కూర్చుని, చీరల అంచు పట్టుకుని చూసినట్టే ఒక్కొక్కటీ తిప్పి చూశాను. చివరికి ఒకటి నచ్చింది. సరుకు ఉన్నవాళ్లు ఫోన్లో ఒక ముక్క తెలుగులో చెప్పి పంపితే చాలు, అది విని, అర్థం చేసుకుని, దుకాణంలో స్టాకు తనంతట తానే మార్చుకుంటుంది, వచ్చిన ఆర్డర్లు తిరిగి ఆ ఫోనుకే చెబుతుంది. పెద్దమ్మకు చదువు రాదు, ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు, రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పి పంపుతుంది, ఇంతకన్నా ఏం కావాలి?

తోటికోడలు వెతికి తెచ్చినది బొత్తిగా బోడి సాఫ్ట్‌వేర్. అందులో స్టాకు లెక్కే ఉండదు. ఆర్డర్ రాగానే 'అడిగి చెబుతాం' అని చూపించి ఆపేస్తుంది, మనం సరుకువాళ్లను అడిగి బటన్ నొక్కితేనే కదులుతుంది. పెద్దమ్మ ఫోనుకు దొరికేది వారానికి ఒకసారి, సంత రోజున. హైదరాబాద్‌లో కొనేవాళ్లు మన సంత కోసం కూర్చుంటరా అని నేను నవ్వాను. ఆమె మాత్రం మెల్లగా, "కూర్చుంటారేమో అక్కా, చెప్పి చూద్దాం" అంది. ఆ మెత్తదనమే నాకు గిట్టదు. పెద్దదాన్ని గనక నా మాటే నెగ్గింది.

పెళ్లిళ్ల కాలం వచ్చింది. పెళ్లి చేటలకు, గంపలకు ఆర్డర్లు పడడం మొదలైంది. పెద్దమ్మ దగ్గర నుంచి కబురు వచ్చినప్పుడల్లా దుకాణంలో స్టాకు పెరిగేది, స్టాకు పెరిగిన కొద్దీ ఆర్డర్లూ పెరిగేవి. నేను ఎదురింటి వాకిట్లో నిలబడి, తోటికోడలికి వినబడేట్టు, ఈ పూట ఇన్ని పోయినయ్ అని చెప్పుకునేదాన్ని. ఆమె నవ్వేది. ఆ కొద్ది రోజులే నేను సుఖంగా నిద్రపోయాను.

అప్పుడొక పొద్దున పెద్దమ్మ బస్సు దిగి నేరుగా మా క్వార్టర్‌కు వచ్చింది. చెమటలు కక్కుతూ, మంచినీళ్లు కూడా ముట్టకుండా గడపలో కూర్చుని, "ఏంది బిడ్డా, నేను నిండుకున్నయ్ అని చెప్పుడు, నువ్వు ఇంకిన్ని పంపుమనుడు, నన్ను ఎగతాళి చేస్తున్నవా?" అని అడిగింది. నేను ఫోను తీసి ఆవిడ పంపిన కబుర్లన్నీ పెట్టి విన్నాను. ఆవిడ ప్రతిసారీ పంపిన మాట అదే, చేటలు నిండుకున్నయ్ అని. బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయని మనకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుసు? దానికి మాటలు నేర్పినవాళ్లు 'లేవు', 'అయిపోయినయ్' అన్నవి నేర్పారు, నిండు అంటే నిండుగా ఉన్నాయని నేర్పారు. ఆవిడ 'మొత్తం నిండుకున్నయ్' అని గట్టిగా చెప్పిన రోజున అది పొంగిపోయి స్టాకు మరింత పెంచింది.

లేవని చెప్పొచ్చు గదా పెద్దమ్మా అంటే, "పెండ్లికి పొయ్యే చేటను లేదని నోటితోని ఎట్లంట బిడ్డా?" అంది. నిజమే, అనకూడదు, నేనూ అనను. అందుకే ఇందులో తప్పు నాదని ఈనాటికీ ఒప్పుకోను, ఆవిడదీ కాదు. కానీ పెళ్లి ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, సరుకు లేదు, ఊళ్లో అల్లేవాళ్లందరి ముందూ తన మాట పోయిందని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక మీ దుకాణంతో నాకు పని లేదు బిడ్డా అనేసింది.

అది విని నేను బతిమాలుతుంటే, తోటికోడలు ఎదురింటి నుంచి వచ్చి పెద్దమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. ఇంట్లో వెదురు ఎంతుంది, ఎవరెవరు అల్లగలరు, ఏది ఎప్పటికి అవుతుంది అని ఒక్కొక్కటే అడిగి, అక్కడే కూర్చుని కొన్నవాళ్లందరికీ ఫోన్లు చేసింది. చేటలు నిండుకున్నాయండీ, పచ్చి వెదురు తెచ్చి మీ పెళ్లికే కొత్తగా అల్లుతున్నారు, ఫలానా సంత తర్వాత పంపుతాం అని అదే మెత్తటి గొంతుతో చెప్పింది. కొందరు వద్దన్నారు. చాలామంది ఆగుతామన్నారు. పెద్దమ్మ మొహం తేటపడింది. వెళ్తూ వెళ్తూ, "ఇగ నేను ఈ పిల్లకే ఫోన్ చేస్తనే, నీకు యాష్ట పెట్ట" అని నా తల నిమిరింది. నా కష్టం తగ్గించాలనే అంది పాపం. నా పుట్టింటి మనిషి నా కళ్లముందే నా చేతుల్లోంచి జారి ఎదురింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడే ఆ బోడి సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆపైన ఏళ్ల తరబడి ప్రతి సంత రోజూ ఎదురింట్లో ఫోను మోగేది. స్టాకు మాట ఒక్క నిమిషం, తర్వాతంతా కబుర్లే, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు దవాఖానాలో ఉన్నారు, ఇప్పపూలు ఈసారి బాగా రాలాయా అని. మా ఊరి కబుర్లు నాకు తోటికోడలు చెబితే తెలిసేవి. వింటున్నంతసేపూ నా ఒళ్లు మండేది, అయినా ఒక్క సంత కూడా వినకుండా వదిలిపెట్టలేదు.

ఇప్పుడు పెద్దమ్మకు చూపు ఆనక అల్లడం మానేసింది. కోడలు అల్లుతుంది. ఆ ఊరికి టవర్ వచ్చింది, మా దుకాణానికి మూడో సాఫ్ట్‌వేరో నాలుగోదో వచ్చింది. సరుకు అయిపోగానే ఆ కోడలు ఎర్ర బటన్ నొక్కుతుంది, పెళ్లి చేటల ఫొటో కింద 'లేవు' అని పడుతుంది. ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరూ ఆగనక్కరలేదు, పొరపాటన్నది జరగదు. పోయిన సంత రోజున ఎదురింట్లో చప్పుడు లేకపోతే నేనే వెళ్లి, పెద్దమ్మ ఫోన్ గీన్ చేసిందా అని అడిగాను. లేదక్కా, చాలా రోజులైంది అంది తోటికోడలు. ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నదాన్ని, సంబరపడాలి కదా. ఆమె పెట్టిన టీ తాగుతూ, మోగని ఆ ఫోను వైపే ఇద్దరం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.