సిలార్ మేస్త్రి అండ

సత్తెనపల్లి దగ్గర మిరపకాయల గోడౌన్‌లో సిలార్ మేస్త్రి గొంతుకు మైకు అవసరం లేదు. అయినా యజమాని ఒకటి కొనిచ్చాడు. లారీ వచ్చినా, ఎవరి పిల్లాడికి జ్వరమొచ్చినా, ఎవరి టిఫిన్ డబ్బా మారిపోయినా అందులోనే చెప్పడం అక్కడి పద్ధతి.

ఈ ఏడాది ఆ గోడౌన్ కాయ కొనే విదేశీ కంపెనీ, కూలీల మనసు కూడా బాగుండాలని షరతు పెట్టింది. కాయలో తేమ చూసినట్టే మనసునూ చూస్తారు కాబోలు. అందరితో మాట్లాడేది సిలారే కదా అని యజమాని ఆయన్ని గుంటూరులో ఒక్కరోజు శిక్షణకు పంపాడు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. బాధలో ఉన్నవాళ్లను గుర్తించాలి, వినాలి, అండగా నిలబడాలి అన్నారు. సిలార్ నిజంగా మంచివాడు. తిరుగు బస్సులోనే పక్కసీటాయన్ని మీ మనసెలా ఉందని అడిగాడు. ఆయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు.

గుర్తించడం దగ్గరే చిక్కొచ్చింది. తొడిమలు తీసేచోట ఘాటుకి అందరి కళ్లూ కారుతూనే ఉంటాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తుమ్మబోతున్నారో అల్లాకే తెలియాలి.

చివరికి నస్రత్ అనే కూలీ తనే వచ్చి చెప్పుకుంది. నిద్ర పట్టడం లేదంది, బతకాలనిపించడం లేదంది. ఈ సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయపడింది. ఆమె కూలితోనే ఇల్లు గడుస్తోంది. సిలార్ అంతా విన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఇక అండగా నిలబడాలి కదా, సరాసరి వెళ్లి మైకందుకున్నాడు.

"నస్రత్‌కి మనసు బాలేదు. ఎవురూ ఆమెనేమీ అనొద్దు. అందరూ ప్రేమగా ఉండండి."

ఎవరూ ఏమీ అనలేదు. ఆమె పక్కన కూర్చునేవాళ్లు తమ గోనెపట్టాలు దూరంగా లాక్కున్నారు. మర్నాడు నస్రత్ పనికి రాలేదు.

సిలార్ ఆమె ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, శిక్షణలో నేర్చిన మాటలన్నీ అప్పజెప్పాడు. ఆమె తలెత్తలేదు.

"నీకు చెప్పాను సిలారన్నా. ఊరికి చెప్పలేదు."

సిలార్ సిగ్గుతో చచ్చిపోయాడు. సాయమనుకుంటూ తనే ఆమె నోటికాడి కూడు లాగేశాడు. అప్పుడు మాత్రం, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పమని అడిగాడు. డాక్టరు దగ్గరికి తోడు రమ్మంది. ఇద్దరూ వెళ్లొచ్చారు.

వారం తిరక్కుండా యజమాని పిలిచాడు. నస్రత్ చోట ఇంకొకర్ని పెట్టనా అని అడిగాడు. కూలీల మనసు చూసుకుంటున్నామని చూపడానికి, ఆమెకు ఏం జబ్బో, ఏం మందులో రాసి, ఒక ఫొటో కూడా కలిపి కంపెనీకి పంపాలన్నాడు.

"ఆమె పని ఆమెకే ఉంచండి సార్," అన్నాడు సిలార్. "మిగతాది ఆమెనడిగి చెప్తాను."