మంచు మార్కు దోసె

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను సందులో పిల్లిని చూసి వస్తే ఇంటికొచ్చి చెప్పేసరికి అది చిరుతపులి అయి ఉంటుంది. మా ఇంట్లో వాళ్ళు దాన్ని మళ్ళీ పిల్లిని చేసుకుని వింటారు. మీరూ అలాగే వినండి. ఎంత తగ్గించుకోవాలో తెలియకపోతే సగానికి సగం కొట్టేయండి. అయినా మా మేనత్త హోటలు సంగతి కడుపు నిండేంత మిగులుతుంది.

హోటలంటే యాడికి దాటాక రోడ్డు పక్కన గడ్డి కప్పిన కొట్టం, రెండు బెంచీలు, ఒక పెనం. పెనం మాత్రం సామాన్యమైంది కాదు, దాని మీద దూడను పడుకోబెట్టవచ్చు. పొద్దున తాడిపత్రి నుంచి గుంతకల్లు పోయే బస్సు అక్కడ ఆగేది. సాయంత్రం అదే బస్సు, అదే డ్రైవరుతో తిరిగొచ్చేది. ఆ చోట స్టాపు లేదు, బోర్డు లేదు. బస్సు ఆగడానికి ఒకే కారణం, డ్రైవరుకు అత్త పోసే దోసెంటే ప్రాణం. పక్క ఊళ్ళో కొత్తగా ఒకాయన ఉగ్గాణి, బజ్జీల హోటలు పెట్టి, రోజూ ఆ బస్సుకు ఎదురొచ్చి దేవుడి పల్లకికి పెట్టినట్టు దండం పెట్టేవాడు. డ్రైవరు మనసు మారి బస్సు అక్కడ ఆగిందంటే అత్త పెనం బోర్లించుకోవాల్సిందే. మామ చేలో శనక్కాయ విత్తనం వానకోసం ఎదురుచూసీ చూసీ మట్టైపోయిన కాలం అది. ఇల్లంతా ఆ పెనం మీదే కాలుతోంది.

చిక్కల్లా ఎండాకాలంతో వచ్చింది. సాయంత్రం రుబ్బిన పిండి తెల్లారేసరికి పులిసి, పొంగి, మూత ఎత్తుకుని వాకిట్లోకి నడిచొచ్చేది. ఆ దోసె నోట్లో పెట్టుకుంటే రెండు కళ్ళూ మూసుకుపోయేవి. ఒకరోజు డ్రైవరు సగం తిని ఆకు మడిచాడు. అత్త ఆ మడిచిన ఆకును పొద్దుగూకేదాకా పారేయలేదు, ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

అప్పుడు మామకు ఆలోచన వచ్చింది. మామకు ఆలోచన రావడమంటే మా ఇంట్లో అందరూ గట్టిగా ఏదో ఒకటి పట్టుకుని నిలబడాల్సిన సమయం. అంతకుముందు ఒక ఆలోచన వచ్చి, తొలకరికి వజ్రాలు ఏరుతానని వజ్రకరూరు పోయి, మూటెడు గులకరాళ్ళు మోసుకొచ్చాడు. ఈసారి గుంతకల్లు రైల్వే స్టేషనులో ఐస్‌క్రీము అమ్మేవాణ్ణి పూటంతా గమనించి వచ్చాడు. పిండి కుండను ఐసుగడ్డల్లో పెడితే పులవదని తేల్చాడు. పరీక్ష తప్పి, పని లేక అత్త పంచన తింటున్న నేను ఆ కంపెనీలో రెండో ఉద్యోగిని.

గుంతకల్లు ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో, గోనెసంచుల్లో చుట్టిన గడ్డ సాయంత్రం బస్సు మీద వచ్చేది. దారంతా కరిగి బస్సు టాపులోంచి కారేది. కునుకుతున్న ప్రయాణికులు వాన పడిందనుకుని ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఒక ముసలాయన కిటికీలోంచి రెండు చేతులూ బయట పెట్టి దండం పెట్టుకున్నాడు. బస్సు దిగాక ఎండిన నేల చూసి, దేవుణ్ణి తిట్టాలో డ్రైవరును తిట్టాలో తెలియక ఊరికే నిలబడిపోయాడు.

గడ్డ దిగాక మామ కొట్టం వెనక్కి తీసుకుపోయి, గోనెపట్ట అడ్డం కట్టుకుని, కుండ చుట్టూ ఏదో చేసేవాడు. ఎవరినీ రానిచ్చేవాడు కాదు. వ్యాపార రహస్యమట. మొదటిరోజు పొద్దున చూస్తే పిండి బండరాయైపోయి ఉంది. అత్త గరిటె వంగింది. మామ కుండ పగలగొడితే, కుండ పోయినా కుండంత పిండి నిటారుగా నిలబడింది. అత్త దాన్ని రోకటితో ముక్కలు చేసి, పొయ్యి పక్కన పెట్టి కరిగించి దోసె పోసింది. పులుపు లేదు. డ్రైవరు మూడు తిని, నాలుగోది దారిలోకి కట్టించుకున్నాడు.

ఆ రోజే మామ దానికి మంచు మార్కు దోసె అని పేరు పెట్టి, ఒక పెయింటరుతో రేకు మీద మంచుకొండ గీయించాడు. పెయింటరు పుట్టి బుద్ధెరిగి మంచు చూసినవాడు కాదు. గుత్తి కొండను గీసి, పైన సున్నం కొట్టాడు. దాని కింద కోట గోడ కూడా ఉంది. బస్సులో వచ్చినవాళ్ళు ఆ రేకు చూసి, దోసెలు గుత్తి నుంచి వస్తున్నాయనుకునేవాళ్ళు.

ఇక మా సీమ మర్యాద ఒకటి చెప్పాలి. మా వైపు నీళ్ళు పారబోయడమంటే అన్నం తొక్కడంతో సమానం. మొహం కడిగిన నీళ్ళు చెట్టుకు, బియ్యం కడిగిన నీళ్ళు గొడ్డుకు. ఐసు కరిగిన నీళ్ళు తొట్టినిండా చల్లగా మెరుస్తుంటే అత్త వాటిని పారబోస్తుందా? మర్నాటి పిండి రుబ్బడానికి వాడుకుంది. ఆ మర్నాడూ అంతే. చల్లదనం పెరగాలని మామ గోనెపట్ట చాటున ఐసులో రోజుకో గుప్పెడు ఎక్కువగా కలిపే రహస్యం ఉప్పని ఆమెకు తెలియదు. ఆమె ఆ నీళ్ళతో రుబ్బుతోందని మామకు తెలియదు. బస్సు తినకముందు ఇంట్లోవాళ్ళు దోసె ముట్టకూడదని మాకో కట్టుబాటు. బస్సు పోయాక ముట్టడానికి మిగిలేది కాదు. అందుకని రోజురోజుకూ దోసె సముద్రానికి దగ్గరవుతున్నా మాలో ఎవరికీ తెలియలేదు. జనం కుండలు కుండలు నీళ్ళు తాగుతుంటే, చల్లటి పిండి గదా, కడుపులో వేడిని బయటికి తోస్తుందని మామ వాళ్ళకు వైద్యం చెప్పేవాడు.

ఒక సాయంత్రం బస్సు బాగా ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు ఐసుగడ్డను తానే కిందికి తోసి, అత్త ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, దోసెలు పోస్తాండావా, ఊరగాయ పెడతాండావా? దప్పికకు తాళలేక జనం నా ఇంజను నీళ్ళ డబ్బా గూడా తాగేసినారు. ఇంజను ఉడికి బండి గుత్తి కాడ నిలిచిపాయ. రేపట్నుంచి ఈడ ఆపేది లేదు. ఆ పక్కూర్లో ఉగ్గాణి హోటలు కాడ ఆపుతా."

బస్సు పోయింది. అత్త అప్పుడే రుబ్బిన పిండిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత గోనెపట్ట పక్కకు లాగి, మామను, మామ పక్కనున్న ఉప్పు సంచిని చూసింది. కరిగిన నీళ్ళు ఏం చేశావని మామ మెల్లిగా అడిగాడు. ఆమె చెప్పింది.

"ఉప్పు నీది, నీళ్ళు నావి," అంది అత్త. "పిల్ల ఎవరి పోలికని ఇప్పుడు కొట్లాడేదెందుకులే. లెయ్యి."

ఆ పిండి, ఉప్పునీళ్ళు బర్రె తొట్టిలోకి పోయాయి. బర్రె నాలుకతో తొట్టిని ఎంత నాకిందంటే, తొట్టి పలచబడింది. అత్త మళ్ళీ బియ్యం నానబోసింది. రుబ్బడానికి ఇంట్లో తాగేందుకు ఉంచుకున్న బిందె వంచేసింది. ఆ రాత్రి మేం ముగ్గురం తాగడానికి చుక్క లేకుండా పడుకున్నాం. కుండ చుట్టూ ఉప్పు లేని ఐసే పెట్టారు. తెల్లారేసరికి పిండి రాయి కాలేదు, పులవలేదు. చల్లగా, మెత్తగా జారింది. మామ శాస్త్రంలో ఉప్పు అసలు అక్కర్లేనిదే అన్నమాట.

పొద్దున బస్సు మా ఊరి మనిషిని దించడానికి ఆగక తప్పలేదు. డ్రైవరు సీటు దిగలేదు, ఇంజను ఆపలేదు. అత్త విస్తరాకులో దోసె పెట్టుకుని, కొంగు బిగించి, ఆయన కిటికీ కిందికి నడిచింది.

"అన్నా, ఒక్క తునక తిను. ఉప్పుంటే పో. మళ్ళ పిలిచేది లేదు."

ఆయన ఒక తునక తుంచాడు. ఇంకోటి తుంచాడు. "గుంతకల్లు దాకా ఎన్ని హోటళ్ళుండాయో అన్నిట్లో తిన్నా. నీ చేతి దోసె ఇంగ యాడా లేదు," అన్నాడు డ్రైవరు.

వానలు పడ్డాక ఐసు మానేశాం. మంచు మార్కు మాత్రం పోలేదు. పొగలు కక్కే దోసె తింటూ కూడా జనం దాన్ని ఆ పేరుతోనే అడిగేవాళ్ళు.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. దండం పెట్టిన ముసలాయన నిజం. సున్నం కొట్టిన గుత్తి కొండ నిజం. బర్రె తొట్టి సంగతిలో మాత్రం మీరు సగం తగ్గించుకోవాలి. నేను పూర్తిగా కల్పించింది డ్రైవరు చివరి మాట. ఆయన అలాంటిదేమీ అనలేదు. కొన్నాళ్ళు పోయాక ఆ మాట నా నోటినుంచి విన్న అత్తే దాన్ని నిజమని నమ్మి, ఇంకో రెండు మాటలు కలిపి వచ్చినవాళ్ళకు చెప్పుకునేది.

జరిగిందింతే. ఆయన ఆకు ఖాళీ చేశాడు, తువ్వాలుకు చెయ్యి తుడుచుకున్నాడు, వంగి ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగాక రోడ్డంతా నిశ్శబ్దమైపోయింది. అత్త పెనం మాడిపోతాందంటూ గబగబా లోపలికి పోయింది.