వెనక చక్రం నేనే బిగించాను

మిట్ట ఎక్కుతుండగా మా చెల్లె సీటు మీంచి లేచి, నిలబడి పెడలు తొక్కింది. అంతే, వెనక చక్రం ఇరుసు ఒకవైపు గాడిలోంచి జరిగింది, టైరు ఫ్రేముకు ఒరుసుకుంది, కొత్త మౌంటెన్ సైకిలు ఉన్నచోటనే బిగుసుకుపోయింది. చెల్లె పక్కకు ఒరిగి చెరకు తోట గట్టు మీద పడింది. ఎంపిక పోటీలో అప్పటిదాకా ఆమె రెండో స్థానంలో ఉంది. జిల్లా జట్టుకు తీసుకునేది ముగ్గురిని. సూరత్ శివార్లలో కామ్‌రేజ్ అవతల ఆ మట్టిదారిలో నలుగురు పిల్లలు ఆమెను దాటి వెళ్లడం నేను నిలబడి లెక్కపెట్టాను. ఆ చక్రం బిగించింది నేనే కాబట్టి, లెక్క తప్పితే బాగుండునని కూడా అనుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆ రోజుల్లో నాకు తెలియనివి రెండే రెండు: నాకు ఏం తెలియదో ఒకటి, ఆ సంగతి నలుగురికీ తెలిసిపోయిందని రెండోది. మా బాపు కరీంనగర్ వైపు నుంచి వచ్చి సూరత్ సాంచాల మీద జీవితమంతా బట్ట నేసినవాడు. నేను చదువుకున్న కొడుకుని. ఊళ్లో ఒక చిన్న హిందీ దినపత్రికలో చేరి, వారానికోసారి 'ఖుద్ కీజియే' అనే శీర్షిక రాసేవాణ్ణి, అంటే మీ పని మీరే చేసుకోండి అని. కారే కొళాయి, మోగే ఫ్యాను, కుంటే కుర్చీ, అన్నిటికీ నా దగ్గర మందు ఉండేది. ఇంటర్నెట్లో ఇంగ్లీషులో దొరికింది హిందీలోకి దించేవాణ్ణి. (మా ఇంట్లో కారే కొళాయికి మాత్రం అమ్మ గుడ్డ పీలిక కట్టేది.) అలా ఒక వారం మౌంటెన్ సైకిలుకు వెనక చక్రం సరిగ్గా బిగించడం ఎలాగో రాశాను.

పత్రికాఫీసులో ఒక ఆచారం ఉంది. వార్తలో ముఖ్యమైనది పైన రాయాలి, అంతకన్నా తక్కువది దాని కింద, అలా దిగుతూ పోవాలి. ఆఖరి నిమిషంలో చోటు చాలకపోతే కళ్లు మూసుకుని కింది నుంచి కోసేయొచ్చు, వార్తకు నొప్పి ఉండదు. నా సైకిలు వ్యాసం పేజీలోకి ఎక్కిన సాయంత్రం చీరల సేల్ ప్రకటన ఒకటి వచ్చిపడింది. (సూరత్‌లో చీరల ప్రకటనకు చోటు లేదనే పత్రిక ఎక్కువ రోజులు బతకదు.) మా డెస్కు పెద్దను కత్తెర సార్ అనేవాళ్లం. "నీచే సే కాట్ దో," అన్నాడాయన, కింది నుంచి కోసేయమని. కోశాను. చదివి కోయలేదు, కొలిచి కోశాను. అచ్చయిన ముక్కను మాత్రం భద్రంగా కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాను.

కొన్ని నెలలకు చెల్లెకు సొంత సైకిలు కావలసి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, అప్పటిదాకా స్కూలు సైకిలు మీద సాధన చేసింది. ఆ వయసు జట్టుకు అదే ఆఖరి ఏడు, తప్పితే మళ్లీ అవకాశం లేదు. సైకిలు ఒక పెద్ద అట్టపెట్టెలో విడి భాగాలుగా వచ్చింది. "దుకాణంల ఫిట్టింగ్ చేపిద్దాం బిడ్డా," అన్నాడు బాపు. "ఎందుకు బాపూ, దీని మీద పేపర్ల రాసినోన్నే ఇంట్ల ఉన్న," అన్నాను. చెల్లె నా మొహంలోకి చూసి, "అన్నా, పక్కానా?" అంది. "ఏక్‌దమ్ పక్కా," అన్నాను.

నా వ్యాసాన్ని గోడకు అంటించి, సైకిలును తలకిందులుగా నిలబెట్టి పని మొదలుపెట్టాను. గొలుసును అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తేవాలి, గేరు చేతిని వెనక్కి లాగి పట్టుకోవాలి, ఇరుసు రెండు కొసలూ ఫ్రేము గాడుల్లో అడుగంటా దించాలి, చక్రానికున్న గుండ్రటి బ్రేకు రేకు, ఫ్రేముకున్న రెండు బ్రేకు ముక్కల మధ్య సందులోకి పోవాలి. ఇది రాయడానికి నాకు అరగంట పట్టింది. చేయడానికి ఆదివారం పట్టింది. మధ్యలో, చక్రం లేకుండానే బ్రేకు ఎలా పనిచేస్తుందో చూద్దామని నొక్కాను. రెండు ముక్కలూ అతుక్కుపోయి సందు మూసుకుపోయింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి దాని అంచుతో విడదీస్తుంటే అమ్మ పట్టుకుంది. "గదేందిరా, సైకిల్‌కు అట్లు పోస్తున్నవా?" చెల్లె నవ్వి నవ్వి గొలుసు నూనె చేత్తోనే మొహం తుడుచుకుంది.

సాయంత్రానికి ఇరుసు గాడుల్లో కూర్చుంది. గోడ మీది వ్యాసం కూడా అక్కడితో ముగిసింది. ఇరుసు కొసన ఒక చిన్న లివర్ మిగిలింది. దాన్ని ఏం చేయాలో వ్యాసంలో లేదు కాబట్టి పెద్ద విషయం కాదనుకుని, నట్టు తిప్పినట్టు గుండ్రంగా తిప్పి వదిలేశాను. అంతసేపూ గడపలో కూర్చుని చూస్తున్న బాపు దగ్గరికొచ్చి, వేలితో ముట్టి చూశాడు. ఆయన సాంచ మీది పడుగును అరచేత్తో తాకి ఎంత బిగువుందో చెప్పగలడు. "గట్టిగ గుంజితె పోగు తెగుతది, జర ఢీల ఉండాలె" అని కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

"ఇది ఇంక బిగువు గావాలె గద బిడ్డా? వేలు వెడితె కదులుతున్నది," అన్నాడు.

"నువ్వే అంటవు గద బాపూ, గట్టిగ గుంజితె తెగుతదని. జర ఢీల ఉండాలె."

"అది పోగు ముచ్చట. ఇది ఇనుము."

"ఇనుము గూడ గంతే," అన్నాను. (ఇనుము మీద నేను వ్యాసం రాయలేదు. రాసి ఉంటే ఇంకెంత అనేవాణ్ణో.)

బాపు వెళ్లి మళ్లీ గడపలో కూర్చున్నాడు. చదువుకున్న కొడుకు మాట ఆయనకు పేపర్లో అచ్చయిన మాటతో సమానం. చెల్లె గల్లీలో తిప్పి చూసుకుంది, బాగానే నడిచింది. సూరత్ చదునైన ఊరు. వంతెనల మీద తప్ప ఎత్తు ఎక్కే పని పడదు.

ఆ ఎత్తు కామ్‌రేజ్ మట్టిదారిలో వచ్చింది. మేము పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి చెల్లె మోకాలు చీరుకుపోయి ఉంది. బాపు తన తువ్వాలు తీసి అదిమి పట్టుకున్నాడు. చెల్లె స్కూలు కోచ్ సార్ వంగి ఆ లివర్‌ను ఒక్క వేలితో కదిపాడు. గాలికి ఊగే తలుపు గొళ్లెంలా ఊగింది. "యే పహియా కిసనే లగాయా?" అన్నాడు. ఈ చక్రం పెట్టిందెవరు? చెల్లె నా వైపు చూసింది. నేను పెట్టాను అని చెప్పడానికి రెండు మాటలు చాలు. అవి చెప్పకుండా ఇలా అన్నాను: "బాపే అన్నడు, జర ఢీల ఉండాలెనని."

తెలుగులో అన్నాను కాబట్టి కోచ్‌కు అర్థం కాలేదు. అర్థం కావలసినవాళ్లకు అయింది. "నీకేం ఎరుక బాపూ సైకిల్ గురించి? ఎందుకు జెప్పినవ్?" అంటూ చెల్లె ఏడ్చింది. బాపు నా వైపు ఒక్కసారి చూశాడు. నేను సైకిలు గొలుసు వైపు తల తిప్పుకున్నాను. ఆ క్షణంలో నేను చూసినంత శ్రద్ధగా ఆ గొలుసును తయారుచేసినవాడు కూడా చూసి ఉండడు. "అవు బిడ్డా, నేనే అన్న. సాంచ లెక్క అనుకున్న," అన్నాడు బాపు, తువ్వాలు తీయకుండా. కోచ్ సార్ అవేవీ పట్టించుకోకుండా ఇరుసును మళ్లీ గాడిలో కూర్చోబెట్టి, లివర్‌ను అరచేత్తో నొక్కి, తలుపు మూసినట్టు మూశాడు. ఆయన పనికి పట్టిన సమయం ఒక ఊపిరి. ఆ తర్వాత అరచెయ్యి చాపి చూపించాడు, అచ్చు పడి ఉంది.

మర్నాడు ఆఫీసులో కంప్యూటర్లో నా అసలు వ్యాసం తెరిచాను. కోసిన పేరా అక్కడే ఉంది. "లివర్‌ను తిప్పి వదిలేయకండి, మడిచి మూయండి. అరచేతిలో అచ్చు పడేంత బిగువు ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాన్ని పట్టి ఉంచేది ఇదే." నేను రాసిందే, నా మాటల్లోనే. సవరణ వేద్దామా అని కత్తెర సార్‌ను అడిగాను. "కోయీ శికాయత్ ఆయీ?" అన్నాడు. ఫిర్యాదు ఏదీ రాలేదన్నాను. "తో ఫిర్?" అని, మరి ఇంకేమిటన్నట్టు టీ తాగాడు. ఫిర్యాదు చేయగలిగిన ఒకే ఒక పాఠకురాలు ఇంట్లో మోకాలికి కట్టు కట్టుకుని కూర్చుందని చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెల్లెకు నిజం చెప్పాలనుకున్నాను. వెళ్లేసరికి ఆమె నవ్వుతూ ఉంది. నవ్వుతున్న మనిషిని ఎందుకు కదిలించాలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. (పిరికివాడికి ఇతరుల నవ్వు కూడా పనికొస్తుంది.)

ఇప్పటికి పన్నెండేళ్లు. చెల్లె ఆ జట్టులోకి వెళ్లలేదు. పెళ్లయి బార్డోలీలో ఉంటోంది, స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఆనాటి సంగతి మా ఇంట్లో పెద్ద హాస్యమైపోయింది. కుక్కరు పిడి వదులైతే చాలు, "బాపుకు ఇయ్యకుండ్రి, జర ఢీల ఉంచుతడు!" అంటుంది చెల్లె. అమ్మ నవ్వుతుంది, మా బావగారు నవ్వుతారు, బాపు అందరికన్నా ఎక్కువ నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. కానీ ఆ మాట మొదలైన ఏడాది నుంచి సాంచాల దగ్గర కూడా బాపు ఎవరికీ బిగువు గురించి సలహా చెప్పడం మానేశాడని ఆయనతో పనిచేసినవాళ్లు చెబితే విన్నాను. ఇరవై మూడేళ్ల ఆ కుర్రవాడు ఎదురైతే చెంప మీద కొట్టాలని లేదు, పక్కన కూర్చోబెట్టుకుని, రెండు మాటలే కదరా, అనెయ్ అని చెప్పాలని ఉంది. అతను మాత్రం ఇనుము గురించి నాకు నాలుగు మాటలు చెప్పి పంపిస్తాడు.

ధైర్యం చేసి ఇప్పుడు రాసేశానని అనుకోకండి. చెల్లె చదువంతా గుజరాతీ మీడియంలో సాగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో తెలుగు చదవగలిగింది, నేను కాక, బాపు ఒక్కడే. ఇది ఆయన చేతికందితే చెల్లెకు చదివి వినిపిస్తాడో, దిండు కింద పెట్టి ఊరుకుంటాడో నాకు తెలియదు.