సంతోషమ్మత్త చెంబు

ఆరేళ్ళుగా ఒక ఇత్తడి చెంబు నా గుండెల మీద కూర్చుని ఉందండి. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మీకు చెబుతున్నాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ చెప్పలేను.

మా పేటంతా కిరస్తానీలమే. మా ఆయన మిషను బడిలో పంతులు. కాలవ కట్టేసిన ఎండల్లో మా పిల్లాడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. ప్రార్థన చేశాను, చేస్తూనే ఉన్నాను. వాడు పాలు కూడా మానేసేసరికి ఇంక నా వల్ల కాలేదు. పక్కింటి సంతోషమ్మత్తని చెంబు అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో అన్నీ మట్టి ముంతలే, వాటితో ఏం వెళ్తాం? మిట్టమధ్యాహ్నం పసుపు నీళ్ళూ వేపాకూ పట్టుకెళ్ళి పొలిమేరలో అమ్మవారి రాయి మీద పోశాను. ఎవరో దగ్గారు. చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తాను.

పిల్లాడు లేచి తిరుగుతున్నాక, ఒక ఆదివారం గుళ్ళో పాదిరిగారు, ఎవరో రాయి దగ్గర్నుంచి తెచ్చిచ్చిన ఆ చెంబు అందరి ముందూ పెట్టారు.

"ఎవరిదమ్మా ఇది?"

"నాదేనండి," అంది అత్త.

"రాతికి మొక్కింది నువ్వేనా?"

అత్త నా వైపు చూసింది. నేను పమిట సర్దుకున్నాను. పమిట సరిగ్గానే ఉంది.

"చెంబు నాదని చెప్పాను కదండీ. ఇంకేం చెప్పమంటారు?"

అంతే. తప్పు ఒప్పుకునేదాకా అత్తకి ప్రభువు బల్ల లేదు, అందరితో పాటు రొట్టే ద్రాక్షరసం తీసుకోకూడదన్నారు. గుడి గుమ్మం దగ్గర విడిగా చాప వేసి కూర్చోబెట్టారు. చేయని తప్పు ఏమని ఒప్పుకుంటుంది? బయటికొచ్చాక నన్ను ఒక్క మాటే అడిగింది: "పిల్లాడు పాలు తాగుతున్నాడా?"

నేనెందుకు నోరు మూసుకున్నాను? మా ఆయన ఉద్యోగం పోతుందని. అది నిజమే, కానీ అదొక్కటేనా? పంతులుగారి భార్యనని అందరూ పక్కకి జరిగితే ముందు వరసలో కూర్చోవడం నాకిష్టం. అదీ సంగతి.

మంచి మనస్సాక్షి ఉన్నవాళ్ళకే నిద్ర పడుతుందంటారు పాదిరిగారు. అబద్ధమండి, నేను హాయిగా పడుకున్నాను. రాతి మీద నీళ్ళు పోసినందుకు మనసు గుచ్చుకోవాలట. ఎంత తడుముకున్నా అక్కడ ముల్లు లేదు. పిల్లాడు బతికాడు. ఎవరు బతికించారో నేను తగువు పెట్టుకోను. మళ్ళీ వాడికి అలా అయితే మళ్ళీ వెళ్తాను, ఎవరేమన్నా సరే. గుచ్చుకునేది ఆ పమిట. అత్త కూర్చున్న చాప దాటుకుని నేను లోపలికెళ్ళి, బల్ల దగ్గర రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే దానికి చోటు తెలుసు. నాకున్న మనస్సాక్షి అదే అయితే, అది చాలు నాకు.

ఈ ఆదివారం బల్ల ఉంది. ముందు మా ఆయనకి చెబుతాను. అరుస్తారు, అరవనీండి. పాదిరిగారు పిలిచినా బల్ల దగ్గరికి వెళ్ళను. గట్టిగానే చెబుతాను: నీళ్ళు పోసింది నేను, దానికి ఏడవను. నోరు మూసుకున్నదీ నేనే, దానికి ఏడుస్తాను. అని వెళ్ళి అత్త పక్కన కూర్చుంటాను.

చాప మీద చోటిస్తుందో ఇవ్వదో. ఇవ్వకపోతే నేల మీద కూర్చుంటాను.